తొమ్మిది ప్యాకెట్ల సాక్ష్యం

(ఆచార్య సి.ఆర్. రావు స్మృతిలో చేసిన ఉపన్యాసానికి ముద్రిత పాఠం)



1944లో కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న నాటికి రావుగారికి పాతికేళ్లు నిండలేదు. ఒకరోజు తరగతిలో బ్రిటిష్ స్టాటిస్టిషియన్ ఫిషర్ సిద్ధాంతం వచ్చింది. శాంపిల్ చాలా పెద్దదైనప్పుడు మనం వేసే అంచనా ఎంత నిలకడగా ఉండగలదో, దానికొక హద్దు ఉందని ఫిషర్ చూపించారు. శాంపిల్ చిన్నదైతే ఆ హద్దు నిలుస్తుందా అని వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి అడిగారు. ఆ దండేకర్ తర్వాతి కాలంలో పేరుమోసిన ఆర్థికవేత్త. రావుగారు ఆ రాత్రి కూర్చుని జవాబు రాబట్టారు. 1945లో అది కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయింది. ప్రపంచమంతా ఇప్పుడు క్రామెర్–రావు హద్దు అంటున్నది దాన్నే.

హడగళిలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ బడుల్లో చదివి, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి గణితంలో పట్టా పుచ్చుకుని కలకత్తా వెళ్లిన మన తెలుగువారు ఆయన. 2023 ఆగస్టు 22న, 102 ఏళ్ల వయసులో, మనల్ని విడిచి వెళ్లారు. ఆయన చేసిన పనంతా చెప్పుకోవడానికి ఈ గంట చాలదు. అందుకే దండేకర్ అడిగిన ప్రశ్ననే పట్టుకుని వ్యాపారంలోకి వస్తాను. చేతిలో ఉన్నది కొద్దిపాటి సమాచారం. దాన్నిబట్టి ఒక సగటు గురించి ఎంతవరకు మాట్లాడవచ్చు?

ఆయన హద్దు వ్యాపారస్తుడికి చెప్పేది చాలా సూటిగా ఉంటుంది. కొలతలు నార్మల్ పంపిణీలో ఉన్నప్పుడు మామూలు సగటు సరిగ్గా ఆ హద్దును తాకుతుంది. పక్షపాతం లేని అంచనాలు ఎన్ని కనిపెట్టినా వాటిలో సగటును మించిన నిలకడ దేనికీ రాదు. కాబట్టి అంచనాలో ఉన్న ఊగిసలాట సగానికి తగ్గాలంటే నాలుగింతలు శాంపిల్ తీయాలి. అడ్డదారి లేదు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా లేదు. అయినా మన కంపెనీల నివేదికల్లో సగటు ఎప్పుడూ ఒంటరిగానే కనిపిస్తుంది. సగటు డెలివరీ సమయం ఇన్ని నిమిషాలు, సగటు బిల్లు ఇన్ని రూపాయలు అని రాసి ఊరుకుంటారు. ఎన్ని బిల్లులు చూశారో, అవి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పరు. వెడల్పు లేని సగటును సగం సమాచారంగానే నేను లెక్కవేస్తాను.

చిన్న శాంపిల్ సంగతిని వ్యాపారమే గణితానికి నేర్పింది. డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీ 1759 నాటిది. 1899లో ఆక్స్‌ఫర్డ్ నుంచి రసాయనశాస్త్రం, గణితం చదువుకున్న విలియం సీలీ గాసెట్ అనే యువకుడు అందులో ఉద్యోగానికి చేరారు. ఆయన ముందున్నవి బార్లీ, మాల్ట్, హాప్స్. ఏ రకం బార్లీ బాగా పండుతుందో తేల్చాలంటే మడి కావాలి, ఒక పంటకాలం ఆగాలి, కూలీ ఖర్చు భరించాలి. కాబట్టి చేతికొచ్చేవి నాలుగైదు అంకెలే. ఆ రోజుల్లో లండన్‌లో కార్ల్ పియర్సన్ బృందం వాడే పద్ధతులన్నీ వందలు, వేల కొలతలకు సరిపోయేవి. వాటిని నాలుగు అంకెలకు వాడితే మోసపోతామని గాసెట్‌కు అర్థమైంది. 1906లో కంపెనీయే ఆయన్ను పియర్సన్ దగ్గర చదువుకోమని లండన్ పంపింది.

మోసం ఎక్కడుందో కొంచెం నిదానంగా చూద్దాం. శాంపిల్ సగటు అసలు సగటుకు ఎంత దగ్గరగా ఉంటుందో చెప్పాలంటే, కొలతలు ఎంత చెదిరి ఉంటాయో తెలియాలి. అది మనకు తెలియదు. అందుకని అదే శాంపిల్ నుంచి దాన్ని కూడా అంచనా వేస్తాం. నాలుగు అంకెల నుంచి వచ్చిన ఆ చెదురు కొలత తానే నిలకడ లేనిది. అంకెలు యాదృచ్ఛికంగా దగ్గరదగ్గరగా పడితే చెదురు తక్కువని భ్రమపడతాం, మన సగటు మీద మనకు లేనిపోని ధీమా పుడుతుంది. ఆ ధీమాను ఎంత తగ్గించుకోవాలో లెక్క కట్టడమే గాసెట్ చేసిన పని.

ఆయన గణితంతోనే ఆగలేదు, చేత్తో చేసి చూశారు. 3,000 మంది నేరస్తుల ఎత్తు, ఎడమచేతి మధ్యవేలి పొడవు కొలిచిన పట్టిక ఒకటి అప్పటికే అచ్చులో ఉంది. ఆ కొలతల్ని 3,000 అట్టముక్కల మీద రాసి, బాగా కలిపి, ఒక్కొక్కటే తీశారు. వరసగా వచ్చిన ప్రతి నాలుగింటినీ ఒక శాంపిల్‌గా తీసుకుంటే 750 శాంపిళ్లు వచ్చాయి. ఒక్కోదానికి సగటు, చెదురు లెక్కగట్టి తన సూత్రంతో పోల్చుకున్నారు. కంప్యూటర్లు లేని కాలంలో చేసిన ఈ పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఆ వ్యాసం 1908లో బయోమెట్రికా పత్రికలో వచ్చింది. ఉద్యోగులు సొంత పేర్లతో పరిశోధనలు అచ్చు వేయడానికి కంపెనీ ఒప్పుకునేది కాదు కాబట్టి రచయిత పేరు స్టూడెంట్ అని వేశారు. మీ పాఠ్యపుస్తకంలోని స్టూడెంట్ టి-పరీక్ష అక్కడిది. దాన్ని డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ లెక్కతో ఇప్పటి రూపానికి తెచ్చి 1925 నాటి తన పుస్తకం ద్వారా లోకమంతటా వ్యాపింపజేసినవారు ఫిషర్.

ఇక ఒక ఉదాహరణ చేసి చూద్దాం. కిలో కందిపప్పు ప్యాకెట్లు కట్టే మిల్లు ఒకటి ఉందనుకోండి. తొమ్మిది ప్యాకెట్లు తీసి, సంచి బరువు మినహాయించి తూచాం. గ్రాముల్లో వచ్చినవి ఇవి: 996, 1003, 991, 998, 1001, 994, 999, 992, 999. మొత్తం 8,973. సగటు 997. ప్రతి బరువూ సగటుకు ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాల వర్గాలు కలిపితే 132. ప్యాకెట్ల సంఖ్య కన్నా ఒకటి తక్కువైన ఎనిమిదితో భాగిస్తే 16.5. దాని వర్గమూలం 4.06 గ్రాములు, ఇది ప్రామాణిక విచలనం. దాన్ని తొమ్మిది వర్గమూలంతో, అంటే మూడుతో, భాగిస్తే 1.35. ఇది సగటుకున్న ప్రామాణిక దోషం.

పెద్ద శాంపిళ్లకు వాడే 1.96తో గుణిస్తే 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ 994.3 నుంచి 999.7 వరకు వస్తుంది. అందులో 1000 లేదు. మిల్లు తక్కువ తూస్తోందని తీర్పు చెప్పేయవచ్చు. కానీ మన దగ్గర ఉన్నవి తొమ్మిదే. గాసెట్ బాటలో ఎనిమిది డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కు టి-పట్టిక తెరిస్తే అక్కడున్నది 2.306. దాంతో ఇంటర్వల్ 993.9 నుంచి 1000.1 వరకు సాగుతుంది. వెయ్యి లోపలికి వచ్చేసింది. 1.96కూ 2.306కూ మధ్య ఉన్న ఆ చిన్న తేడా ఒక వ్యాపారిని దోషిగా నిలబెట్టవచ్చు, లేదా బయట పడేయవచ్చు.

ఇంకో మలుపు కూడా ఉంది. సగటులోని మూడు గ్రాముల తరుగును ప్రామాణిక దోషంతో భాగిస్తే టి విలువ మైనస్ 2.22. వెయ్యికి తేడాగా ఉందా, ఎక్కువైనా తక్కువైనా సరే, అని అడిగితే హద్దు 2.306, దాటలేదు. తక్కువగా ఉందా అని మాత్రమే అడిగితే అదే 5 శాతం దగ్గర హద్దు 1.860, దాటేసింది. అవే తొమ్మిది ప్యాకెట్లు, అదే త్రాసు. ప్రశ్న మారితే తీర్పు మారింది. కొనుగోలుదారు తరఫున వచ్చే తనిఖీ అధికారి తక్కువా అని మాత్రమే అడగడం న్యాయం. మిల్లులో మిషను చూసుకునే వ్యక్తి రెండు వైపులా అడగాలి, ఎందుకంటే ఎక్కువ పడినా ఆయనకు నష్టమే. ఏ ప్రశ్న అడుగుతామో త్రాసు మీద మొదటి ప్యాకెట్ పెట్టకముందే కాగితం మీద రాసుకోవాలి. అంకెలు చూశాక ప్రశ్న ఎంచుకోవడాన్ని నేను క్షమించలేను. పరీక్షలో మార్కుల కోసం చేసినా, కంపెనీలో బాస్ కోసం చేసినా తప్పు తప్పే.

ఈ లెక్క తరగతి గదిలోనే ఉండిపోయిందనుకోకండి. తూనికలు, కొలతల చట్టాలు దీని మీదే నిలబడ్డాయి. ప్యాకెట్ సరుకుల మీద యూరప్ దేశాలు 1976లో తెచ్చిన ఆదేశంలో ఒక నియమం ఉంది. 30 ప్యాకెట్లు తూచండి, సగటుకు ప్రామాణిక విచలనంలో 0.503 వంతు కలపండి, అప్పటికీ ప్రకటించిన బరువుకు చేరకపోతే ఆ సరుకు తిరస్కరించండి. ఈ 0.503 ఏదో అధికారి తలలోంచి పుట్టిన అంకె కాదు. 29 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కు టి-పట్టికలో ఉన్న 2.756ను 30 వర్గమూలంతో భాగిస్తే వచ్చేదే ఇది. 50 ప్యాకెట్లయితే 0.379. అంతర్జాతీయ లీగల్ మెట్రాలజీ సంస్థ సిఫారసులో 80 ప్యాకెట్లకు 0.295, 125కు 0.234. అన్నీ ఒకే సూత్రం. బీరు కంపెనీలో పుట్టిన లెక్క చట్టంలోకి ఎక్కి కూర్చుంది.

మన కందిపప్పుకు ఈ సూత్రం పెట్టి చూడండి. తొమ్మిది ప్యాకెట్లకు గుణకం 1.118 అవుతుంది. 997కు 4.5 కలిపితే 1001.5, మిల్లు గట్టెక్కింది. అదే సగటు, అదే చెదురు 80 ప్యాకెట్లలో కనిపించిందనుకోండి. కలిపేది 1.2 మాత్రమే, మొత్తం 998.2, సరుకు తిరస్కరించాల్సిందే. తరుగు రెండుసార్లూ మూడు గ్రాములే. మారింది సాక్ష్యం బలం. గట్టెక్కింది అంటే నిర్దోషి అని కాదు, తొమ్మిది ప్యాకెట్లు నేరం రుజువు చేయలేకపోయాయి అని మాత్రమే. శూన్య పరికల్పనను తిరస్కరించలేదు అని రాయాల్సిన చోట అంగీకరించాం అని రాసే అలవాటు మన జవాబు పత్రాల్లో నాకు చాలాసార్లు కనిపిస్తుంది. ఆ ఒక్క మాటతో తొమ్మిది ప్యాకెట్లకు లేని బలం ఇచ్చేస్తున్నాం.

సగటును ఎందుకు అంతగా పట్టుకోవాలి అని అడగవచ్చు. ఒక్కో ప్యాకెట్‌కు కూడా హద్దు ఉంటుంది. కిలో ప్యాకెట్‌కు అంతర్జాతీయ సిఫారసు ఒప్పుకునే తరుగు 15 గ్రాములు. మన తొమ్మిదిలో అన్నిటికన్నా తేలికైనది 991, హద్దు 985కు చాలా పైనే ఉంది. విడివిడిగా చూస్తే ఒక్క ప్యాకెట్ కూడా తప్పు చేయలేదు. కానీ మిల్లు రోజుకు 10,000 ప్యాకెట్లు కడుతూ సగటున మూడేసి గ్రాములు తగ్గిస్తుంటే రోజుకు 30 కిలోల పప్పు జనం సంచుల్లోంచి మాయమవుతుంది. ఏడాదికి 300 పనిరోజులైతే తొమ్మిది టన్నులు. ఇంట్లో మూడు గ్రాముల తరుగు ఎవరి కంటా పడదు. పప్పు కొన్న ఏ అమ్మా షాపుకు వెళ్లి అడగలేదు. అడగలేని ఆ వేలమంది తరఫున అడిగేది సగటు మీద పెట్టిన పరీక్ష ఒక్కటే. మన దేశంలో 2011 నాటి ప్యాకెట్ సరుకుల నిబంధనలు కూడా ఒక్కో ప్యాకెట్ తరుగును విడిగా, సగటును విడిగా చూడమంటాయి. ఆ రెండో షరతు పేదవాడికి ఎంత అండో మన విద్యార్థులకు ఎవరైనా చెప్పాలి. కామర్స్ పుస్తకంలో ఈ అధ్యాయాన్ని సూత్రాల చిట్టాగా చదివించడం నాకు బాధ కలిగిస్తుంది.

యూరప్ నియమంలో ఇంకో సంగతి దాగి ఉంది. నిజంగా సగటున సరిగ్గా కిలో తూచే నిజాయితీపరుడు 200 తనిఖీల్లో ఒకసారి అన్యాయంగా దొరికిపోతాడు. అంతకుమించి అతన్ని ఇబ్బంది పెట్టకూడదని చట్టం నిర్ణయించుకుంది. దానికి మూల్యం ఉంది. శాంపిల్ చిన్నదైతే, మూడు గ్రాములు నొక్కేవాడు చాలాసార్లు తప్పించుకుంటాడు. మొదటి రకం పొరపాటును బిగించిన కొద్దీ రెండో రకం పొరపాటు సందు చూసుకుంటుంది. రెంటినీ ఒకేసారి తగ్గించాలంటే ఎక్కువ ప్యాకెట్లు తూచడమొక్కటే దారి. ఈ రెండు పొరపాట్లను విడదీసి, రెంటికీ లెక్క చెప్పాలని 1933లో స్పష్టంగా చూపించినవారు నేమన్, ఎగాన్ పియర్సన్. ఈ ఎగాన్, కార్ల్ పియర్సన్ కుమారుడే.

5 శాతం అనే గీత దేవుడు గీసింది కాదు. ఫిషర్ పట్టికలకు వీలుగా ఉండి అలవాటైంది. గాసెట్ అంతకుముందే, 1905లో, కార్ల్ పియర్సన్‌కు రాస్తూ, ఎంత నమ్మకం కావాలన్నది ఆ ప్రయోగం వల్ల వచ్చే డబ్బుకూ దానికయ్యే ఖర్చుకూ ముడిపడి ఉంటుందన్న అభిప్రాయం చెప్పారు. నేను ఆయన పక్షమే. సబ్బు రేపర్ రంగు మార్చడానికి 10 శాతం పొరపాటు భరించవచ్చు. బీపీ మాత్రలో మందు పాళ్ల విషయంలో అర శాతం కూడా ఎక్కువే. ఆ గీత ఎక్కడ గీయాలో చెప్పాల్సింది స్టాటిస్టిషియన్ ఒక్కడే కాదు, పొరపాటు జరిగితే నష్టపోయేది ఎవరో తెలిసిన మనిషి కూడా.

95 శాతం నమ్మకం అంటే ఏమిటో చెప్పమంటే చాలామంది, అసలు సగటు ఈ రెండు అంకెల మధ్య ఉండే సంభావ్యత 95 శాతం అంటారు. నేమన్ ఉద్దేశం అది కాదు. 1934లో లండన్‌లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ముందు ఆయన ఈ ఆలోచన పెట్టినప్పుడు, ఆర్థర్ బౌలీ వంటి పెద్ద మనిషికే ఇది ఏదో కనికట్టేమోనన్న అనుమానం వచ్చి, బయటికి అనేశారు. గాసెట్ అట్టముక్కలతో చూస్తే విషయం తేలిపోతుంది. ఆ 750 శాంపిళ్లలో ఒక్కోదానికి టి-పట్టిక ప్రకారం ఒక 95 శాతం ఇంటర్వల్ గీస్తే, వాటిలో 710కి అటూఇటూగా 3,000 మంది అసలు సగటును పట్టుకుంటాయి, నలభై దాకా తప్పిపోతాయి. 95 అన్నది పద్ధతికున్న పేరు. మీ చేతిలో ఉన్న ఒక్క ఇంటర్వల్ పట్టుకున్నవాటిలోదో తప్పిపోయినవాటిలోదో మీకు తెలియదు. తెలియదన్న సంగతిని ఇంత కచ్చితంగా చెప్పగలిగే పద్ధతి వ్యాపారంలో మరొకటి నాకు కనిపించదు.

తేడా ఉందో లేదో పరీక్ష చెబుతుంది; ఎంతో ఇంటర్వల్ చెబుతుంది. గాసెట్ తన 1908 వ్యాసంలోనే పదిమంది రోగులకు రెండు నిద్రమందులు ఇచ్చిన లెక్క వాడారు. ఒక్కో మనిషికి రెండో మందుతో ఎన్ని గంటలు అదనంగా నిద్ర పట్టిందో చూస్తే, ఒకరికి తేడా సున్నా, మరొకరికి 4.6 గంటలు. సగటు 1.58. టి విలువ 4.06, కాబట్టి తేడా ఉందనడంలో సందేహం లేదు. కానీ 95 శాతం ఇంటర్వల్ 0.70 నుంచి 2.46 గంటలు. నలభై నిమిషాల లాభమూ కావచ్చు, రెండున్నర గంటలూ కావచ్చు. మందు ధర నిర్ణయించేవాడికి కావాల్సింది ఆ రెండు అంకెలే. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో పి-విలువ (నిజంగా తేడా లేకపోయినా కనీసం ఇంత తేడా కనిపించే సంభావ్యత) మీద ప్రకటన చేస్తూ, అది ఒక గీత దాటిందా లేదా అన్నదాన్ని మాత్రమే చూసి వ్యాపార నిర్ణయాలు తీసుకోవద్దని హెచ్చరించింది.

చివరగా, శాంపిల్ పెద్దదైతే చాలుననుకునేవారికి ఒక మాట. 1930లో స్కాట్లండ్‌లోని లానార్క్‌షైర్‌లో, పాలు తాగితే పిల్లలు బాగా ఎదుగుతారా అని 20,000 మంది బడిపిల్లల మీద ప్రయోగం చేశారు. 10,000 మందికి నాలుగు నెలలపాటు రోజూ పాలు పోశారు, మిగతా 10,000 మందికి పోయలేదు. ఖర్చు దాదాపు 7,500 పౌండ్లు. ఎవరికి పాలు పోయాలో మొదట చీటీలు వేసినట్టుగానో అక్షరక్రమంలోనో ఎంచారు. కానీ ఒక గుంపులో బక్కపిల్లలో బొద్దుపిల్లలో ఎక్కువైనట్టు అనిపిస్తే మార్చుకోవచ్చని ఉపాధ్యాయులకు వెసులుబాటు ఇచ్చారు. వాళ్లు మంచి మనసుతోనే పేదపిల్లల్ని పాలవైపు నెట్టినట్టున్నారు. ప్రయోగం మొదలయ్యేనాటికే పాలు తాగని పిల్లలు ఎత్తులో, బరువులో ముందున్నారు. పైగా బరువు తూచింది బట్టలతోనే, మొదటిసారి చలికాలపు ఫిబ్రవరిలో, రెండోసారి జూన్‌లో. ఉన్నవాళ్ల పిల్లల మందపాటి కోట్లు లెక్కలోకి వచ్చి పోయాయి. 1931లో గాసెట్ ఈ లోపాలన్నీ విడమరచి రాశారు.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలంటాం. కుండలో ఎసరు అన్ని మెతుకుల్నీ సమంగా కలియబెట్టింది కాబట్టే ఆ మెతుకు సాక్ష్యం చెల్లుతుంది. లానార్క్‌షైర్‌లో కలిపేపని దయగల చేతుల్లోకి పోయింది. అందువల్ల ప్రామాణిక దోషం ఎంత సన్నగా వచ్చినా అది తప్పుడు సగటు చుట్టూ గీసిన సన్నగీతే అయింది. యాప్‌లో రేటింగు ఇచ్చే లక్షమంది కూడా తమంతట తాము వచ్చినవారే. ఆ లక్షను చూసి మురిసిపోయే మార్కెటింగ్ మేనేజర్లు గాసెట్ వ్యాసం ఒక్కసారి చదవాలి.

ఆ వ్యాసంలో ఆయన విమర్శతో ఆగక మరో ప్రయోగం సూచించారు. ఒకే పోలికతో పుట్టిన కవల పిల్లల 50 జంటల్ని తీసుకోండి, జంటలో ఎవరికి పాలు పోయాలో నాణెం ఎగరేసి తేల్చండి, ఇద్దరికీ వచ్చిన ఎదుగుదల తేడా చూడండి అన్నారు. పెట్టిన ఖర్చులో ఒకటి రెండు శాతంతో అంతకన్నా నమ్మదగిన ఫలితం వస్తుందని ఆయన అంచనా. ఇల్లు, తిండి, తల్లిదండ్రుల ఎత్తు అన్నీ జంటలోనే కొట్టుకుపోతాయి, మిగిలేది పాలు చేసిన మేలు. ఆ 50 తేడాల సగటుకు, పదిమంది రోగుల నిద్రకు వేసిన లెక్కే సరిపోతుంది.